బియ్యం తాత విన్న మొక్కు

బంగ్లంపూ, బ్యాంకాక్
మే, 1998

ఫయోమ్,

నువ్వు పంపిన తాటిబెల్లం అందింది. బస్సువాడు డబ్బాను తలకిందులుగా పెట్టినట్టున్నాడు, మూత వదులై చీమలు నాకంటే ముందే రుచి చూశాయి. మిగిలింది జాడీలోకి ఎత్తాను.

ఒరతైకి ఉద్యోగం దొరికిందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. దొరికింది, సంతోషించు. కాలేజీలో లెక్కలు చదివి, ఫైనాన్స్ కంపెనీలో ఏసీ కింద కూర్చుని, మడత నలగని బట్టలు కట్టిన నా కూతురు ఇప్పుడు ఖావ్‌సాన్ వీధిలో గరిటె పట్టుకుని పాడ్‌థాయ్ నూడుల్స్ వేయిస్తోంది. తోపుడుబండి ఎవరిదో అద్దెకు తెచ్చిందట. కంపెనీ మూతపడ్డాక ఇన్ని నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే నేనేమైనా అన్నానా? ఈ ఊళ్ళో సగం కంపెనీలు మూతపడ్డాయి. నిన్నటి మేనేజర్లు ఇవాళ కారు డిక్కీ తెరిచి శాండ్‌విచ్‌లు అమ్ముకుంటున్నారు. అమ్ముకోవడం తప్పని నేను అనలేదు. అమ్ముకోవడానికి ఆ వీధే దొరికిందా అన్నాను.

నువ్వు పెళ్ళయి వెళ్ళిపోయినదానివి, నీ కళ్ళల్లో ఇంకా ఆ పాత వీధే ఉంది. బియ్యం బస్తాలు దించే వీధి, ఎక్కడ చూసినా తవుడు వాసన. ఇప్పుడు ఒక్కో ఇల్లూ ఒక్కో లాడ్జి అయింది. కింద బారు, పైన పరుపులు. సాయంత్రమైతే ఫరంగీలు, ఆ తెల్లతోలు వాళ్ళు, బయటికి వస్తారు. వీపున మూట, కాళ్ళకు చెప్పులుండవు, ఒళ్ళంతా ఎండకు ఎర్రగా కమిలి ఉంటుంది. మన జాలరి వాళ్ళ ప్యాంట్లు కొనుక్కుని, వాటికి ముడి వేయడం రాక నడివీధిలో జార్చుకుంటారు. ప్లాస్టిక్ బకెట్లో మందు పోసుకుని, అందులో గొట్టాలు పెట్టుకుని, కుడితి తొట్టి చుట్టూ పశువులు చేరినట్టు నలుగురూ ఒకే బకెట్లో మూతులు పెడతారు. తేళ్ళు వేయించి పుల్లలకు గుచ్చి అమ్ముతున్నారు. మనవాళ్ళు మిడతలు తింటారు, పురుగులు తింటారు, కాదనను. పుల్లకు గుచ్చిన తేలు తిన్నవాణ్ణి మన వీధిలో నువ్వెప్పుడైనా చూశావా? వాళ్ళూ తినరు. నోట్లో పెట్టుకుని ఫొటో దిగి, పక్కకు తిరిగి ఉమ్మేస్తారు.

ఖోన్ నాటకంలో రాముడికీ హనుమంతుడికీ జరీ అంగీలు కుట్టిన ఇల్లు మనది. అమ్మ కుట్టింది, నేను కుడుతున్నాను. ఇది కుట్టదు సరికదా, ఆ తాగుబోతులకు పళ్ళేలు అందిస్తోంది.

నేను మాట్లాడటం మానేశాను, అదీ మానేసింది. ఏదైనా తప్పనిసరి అయితే పిల్లితో చెప్పుకుంటున్నాం. "ఖనూన్, కుండలో అన్నం ఉందని చెప్పు" అంటాను. "ఖనూన్, నేను తినేసి వచ్చానని చెప్పు" అంటుంది అది. రెండు వైపులా చేపముక్కలు తిని పిల్లి మాత్రం పీపాలా తయారైంది.

అక్క,
లమ్‌దువన్


ఫెచ్చబురి
జూన్ మొదటివారం

అక్కా,

నీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపించాను. తాటిచెట్టు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అంతా విన్నాడు. "మీ అక్క ఆ వీధిలోకి పోదు కదా, బకెట్లో గొట్టాల సంగతి ఆమెకెవరు చెప్పారు?" అని అడిగాడు. నాకూ అదే అనుమానం. మార్కెట్టుకు పోవాలన్నా ఊరంతా చుట్టి పోయేదానివి, వీధి మొగలో పూలదండలు కట్టే బున్‌లొమ్ పక్కన స్టూలు వేసుకుని రోజూ తొంగి చూస్తున్నావా ఏంటి?

ఫరంగీలంటే నీకు ఒళ్ళు మంట, సరే. మా మిఠాయి కొట్టుకు ఫరంగీలు రారు. కార్లు వేసుకుని మీ బ్యాంకాక్ వాళ్ళే వస్తారు. గుడ్లు, కొబ్బరిపాలు, బెల్లం వేసి కాల్చిన మిఠాయి రుచి చూస్తామని ఒక ముక్క అడుగుతారు. పిల్లకో ముక్క, అత్తగారికో ముక్క. ఆపైన చేతులు తుడుచుకుని పక్క కొట్టులో కొంటారు. వాళ్ళు చెప్పులు వేసుకునే వస్తారు, నీకు నచ్చుతారు.

నాన్న ఆ వీధిలోనే కదా బియ్యం కొట్టు పెట్టింది. కూలీలు, తాగుబోతులు, జూదరులు, ఎవరొచ్చినా కొలిచి పోశాడు. నూకలు కావాలన్నవాడికి నూకలు ఇచ్చాడు. నీ కూతురు వాళ్ళ తాత కూర్చున్న చోటే కూర్చుంది, కాస్త చిన్న అంగడితో. దానికి నువ్వింత ఎందుకు మాడిపోతున్నావు?

ఒక్క పని చెయ్యి. ఒకరోజు పోయి దాని బండి దగ్గర కూర్చుని ఒక పళ్ళెం తిను. బాగుండకపోతే తిట్టు. తినకుండా తిట్టడం నీకు అలవాటే గానీ, ఈసారి తిని తిట్టు. నువ్వు పోలేకపోతే పిల్లిని పంపు.

బెల్లం మళ్ళీ పంపుతున్నాను, ఈసారి మూత గట్టిగా బిగించాను.

నీ చెల్లి,
ఫయోమ్


బంగ్లంపూ
జులై, వర్షావాసం మొదలయ్యే ముందు

ఫయోమ్,

మీ ఆయన చెట్టు మీదే ఉంటే బాగుండు. అవును, బున్‌లొమ్ దగ్గర కూర్చున్నాను. పూజకు దండ కొనడం నేరమా? కూర్చుంటే కనపడుతుంది, నా కళ్ళకు నేను గంతలు కట్టుకోవాలా?

కనపడింది కూడా. జుట్టు పైకి ముడేసి, నూనె మరకల ఆప్రాన్ కట్టుకుని, నవ్వుతోంది. కంపెనీలో పనిచేసినన్నాళ్ళూ అది అలా నవ్వడం నేను చూడలేదు. ఒకడు, దాని వయసులో సగం కూడా ఉండడు, ముక్కుకు రింగు, ఖాళీ పళ్ళెం చాపి "మామా, మామా" అంటున్నాడు. కన్నతల్లిని నేను ఇక్కడ కూర్చుంటే వాడికి అది అమ్మ అయింది. పళ్ళెం నింపి ఇచ్చింది. మళ్ళీ నవ్వింది. దండ కొనడం మరిచి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. ఇక దీన్ని ఆపడం మనిషి వల్ల అయ్యేది కాదనిపించింది. వీధి మధ్యలో, వీధిని కాచే మన బియ్యం తాత గూడు ఇంకా ఉంది, నీకు గుర్తుంది కదా. చుట్టూ అన్నీ బార్లయ్యాయి గానీ, బియ్యం వర్తకులు నిలబెట్టిన ఆ చిన్న చెక్క గూడును కదల్చడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. బార్ల వాళ్ళే ఇప్పుడు ఆయనకు ఎర్ర కూల్‌డ్రింకు పెట్టి దండం పెడుతున్నారు. నేను ఆయనకే మొక్కుకున్నాను. భిక్షువుల వర్షావాసం మూడు నెలలూ ముగిసేలోపు నా కూతుర్ని ఆ వీధిలో లేకుండా చెయ్యి తాతా, చేస్తే బుట్టెడు ఉడికించిన గుడ్లు తెచ్చి, నేను స్వయంగా ఆ వీధిలో నడిచి వచ్చి, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఒక పళ్ళెం తింటాను అన్నాను. నాకు అంతకంటే కష్టమైనది ఇంకొకటి లేదని ఆయనకూ తెలుసు. తేలిక మొక్కులు ఆయన పట్టించుకోడు.

ఇప్పుడు చూద్దాం.

అక్క


ఫెచ్చబురి
జులై చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు నవ్వు రాలేదు. మొక్కు ఎక్కడ నిలబడి మొక్కావు? ఆ వీధిలో కాలు పెట్టనిదానివి, గూడు ముందు ఎలా నిలబడ్డావు? నాకు తెలుసు. బున్‌లొమ్ దండల వెనక నిలబడి, దూరం నుంచి చేతులు జోడించి గొణిగి ఉంటావు. పేరు చెప్పావా? ఇల్లు చెప్పావా? అగరుబత్తి వెలిగించావా? వీధిలో లేకుండా చెయ్యమన్నావు. ఎలా లేకుండా? మంచి ఉద్యోగం వచ్చి అని చెప్పావా?

మన పెద్దమ్మను మర్చిపోయావా? పెద్దనాన్న పేకాట మానాలని మొక్కుకుంది, ఎలా మానాలో చెప్పలేదు. ఆయన కొబ్బరిచెట్టు మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పేకాట మానాడు, నిజమే. పెద్దమ్మ చచ్చేదాకా ఆయనకు అన్నం కలిపి పెట్టింది. చిన్నప్పుడు మనిద్దరికీ ఈ కథ చెప్పి చెప్పి అమ్మ ఏం నేర్పింది? పని చెప్పేటప్పుడు పనిమనిషికి ఎంత వివరంగా చెబుతామో దేవుడికి అంతకంటే వివరంగా చెప్పాలని కదా.

తెల్లవారి ఎవరూ లేనప్పుడే పో. గూడు ముందు నిలబడి, సరిగ్గా, ఊరూ పేరూ చెప్పి మొక్కు సరిచేసుకో. నీ గర్వం అరగంట పక్కన పెడితే చచ్చిపోదు, ఇంటికొచ్చి మళ్ళీ తొడుక్కోవచ్చు.

ఫయోమ్


బంగ్లంపూ
ఆగస్టు

ఫయోమ్,

ఒరతైకి డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో పెట్టారు.

మొదట జ్వరం అనుకుంది, జ్వరంతోనే రెండు రోజులు బండి దగ్గర నిలబడింది. మూడోరోజు మెట్ల మీద కూలబడిపోయింది. నేను చూసి కేక పెడితే పక్కింటివాళ్ళు వచ్చి ఆటో ఎక్కించారు. ఒంటి మీద ఎర్ర మచ్చలు వచ్చాయి. రోజూ రక్తం తీసి చూస్తున్నారు, డాక్టరు తల ఊపుతాడు గానీ నోరు విప్పడు.

నేను ఇలా అడగలేదు.

నువ్వు చెప్పినట్టు తెల్లవారి పోయి మొక్కు సరిచేసుకుని ఉండాల్సింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. ఆ వీధి మొగ దాకా వచ్చి, రాత్రి తాగిన సీసాల గాజుముక్కలూ, గోడవార నిద్రపోతున్న ఫరంగీలనూ చూసి అసహ్యం పుట్టి వెనక్కి వచ్చేశాను. ఆ అసహ్యం నాకు ఎంత పనికొచ్చిందో చూడు.

మంచం పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగి పడుకుంటోంది. ఆసుపత్రిలోకి పిల్లిని రానివ్వరు, అందుకని మా ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. నీళ్ళు తాగించాను, తాగింది.

ఇంకొకటి విను. బున్‌లొమ్ చెప్పింది, దాని బండి ఖాళీగా లేదట. ఎవరో ఆడమనిషి వచ్చి మూకుడు పెట్టేసిందట. ఈ రోజుల్లో ఉద్యోగాలు ఊడినవాళ్ళంతా ఆ వీధిలో చాపెడు చోటు కోసం కొట్టుకు చస్తున్నారు, ఒక్కరోజు ఖాళీ పెడితే ఆ చోటు పోతుంది. అది మంచాన పడగానే ఏ రాబందు వచ్చి వాలిందో. నేను చూడటానికి పోలేదు. పోవడం నా వల్ల కాలేదు.

అక్క


ఫెచ్చబురి
ఆగస్టు

అక్కా,

ధైర్యంగా ఉండు. డెంగీ వచ్చిన వాళ్ళు మా చుట్టుపక్కల ఎంతోమంది లేచి తిరుగుతున్నారు. కొబ్బరినీళ్ళు ఇవ్వనిస్తే ఇవ్వు.

మొక్కు సంగతి రాస్తున్నాను, కోప్పడకు. నువ్వు అడిగింది తాత ఇచ్చాడు. ఎలా ఇచ్చాడన్నది తర్వాత మాట. ఇచ్చాక నువ్వు తీర్చకపోతే ఆయన ఇంకా కోపగిస్తాడు. ముందు మొక్కు తీర్చు. తీర్చాక కొత్తగా అడుగు, పిల్లను లేపమని అడుగు. గుడ్లు ఉడకబెట్టు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పో, అప్పుడు మరీ రద్దీ ఉండదు. ఆ వేళకు తాగినవాళ్ళు తక్కువ, బకెట్లు ఇంకా కడుగుతుంటారు. గూడుకు ఎదురుగా ఉన్న బండి దగ్గరే తిను, ఎవరిదైనా సరే.

ఇంకేం రాయను, చేతులు ఖాళీ లేవు.

ఫయోమ్


బంగ్లంపూ, మన ఇల్లు
ఆగస్టు చివర

ఖావ్‌సాన్ వీధి, పచ్చ తలుపుల లాడ్జి, పై అంతస్తులో దిగిన పెద్దమనిషికి,

నువ్వు ఎక్కడ దిగావో కనుక్కొచ్చిన బున్‌లొమ్ చేతే పంపుతున్నాను. ఫెచ్చబురి చిరునామాకు వేసి తపాలావాడి కాళ్ళు అరగదీయడం ఎందుకు?

నీ కిందటి ఉత్తరం మీద నూనె మరక ఉంది. కాగితం మూల వెల్లుల్లి కంపు కొట్టింది. మిఠాయిలు చేసే ఇంట్లో వెల్లుల్లి ఏంటని ఒక్క క్షణం అనుకుని, ఆసుపత్రి హడావిడిలో వదిలేశాను. ఏ వేళకు బకెట్లు కడుగుతారో నీకెలా తెలుసని కూడా అనుకోలేదు. నన్ను అడిగిన ప్రశ్నే నిన్ను అడగాల్సింది.

నిన్న పోయాను. గుడ్లబుట్ట చంకన పెట్టుకుని, తెల్ల బ్లౌజు వేసుకుని, గుడికి పోయినట్టే పోయాను. వీధిలో అడుగుపెట్టిన పది అడుగుల్లో ఒకడు నా జుట్టు జడలు అల్లుతానన్నాడు, ఇంకొకడు కాలేజీ పట్టాలు ఏ దేశానివి కావాలో చెబితే అచ్చు వేసి ఇస్తానన్నాడు. ఈ వయసులో నాకు పట్టా. తేళ్ళ బండి దగ్గర పిల్ల నన్ను చూసి ఇంగ్లీషులో పిలిచింది. ఫయోమ్, నేను ఆ వీధిలో పుట్టాను. నా బొడ్డుతాడు ఆ వీధి వెనకే పూడ్చారు. నన్ను, నా వీధిలో, ఇంగ్లీషులో. "ఏమ్మా, తేలు నేనే వండి నీకు పెట్టాలా?" అని అడిగితే నోరు తెరిచి చూసింది.

బారు ముందు పరుపుకుర్చీల్లో ఫరంగీలు వరసగా పడుకుని కాళ్ళు పిసికించుకుంటున్నారు. అంత దూరం ఎగిరి వచ్చి, ఆ కంపులో, ఆ గోలలో, పక్కవాడి బకెట్ చూస్తూ పడుకోవడానికి వస్తారట. వాళ్ళ ఊళ్ళో మంచాలు లేవా? ఒక పిల్ల పుస్తకం చదువుకుంటూ ఏడుస్తోంది. దానికి ఇంటి మీద గాలి మళ్ళినట్టుంది. పోవే ఇంటికి అనాలనిపించింది.

తాత గూడు ముందు గుడ్లు పెట్టాను. ఎదురుగా ఒరతై బండి. ఆ రాబందు ముఖం చూడకూడదని వీపు తిప్పి స్టూలు మీద కూర్చున్నాను. నా బరువుకు స్టూలు కాళ్ళు విచ్చుకున్నాయి. వెనక ఒకావిడ "అమ్మగారికి ఒక పళ్ళెం" అంది, ముక్కుతో మాట్లాడినట్టు. గొంతు మార్చావన్నమాట. పళ్ళెం ఒక పొడుగోడు తెచ్చి పెట్టాడు, ఫరంగీ, తల బండి పందిరికి కొట్టుకుంటోంది. పళ్ళేలు కడుగుతున్నాడట, భోజనానికి బదులు. నా ముందు రెండు చేతులూ జోడించాడు. బొటనవేళ్ళు నుదుటికి ఆనించి, రాజుగారికి పెట్టినట్టు. ఎవరు నేర్పారో గానీ ఎక్కువే నేర్పారు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పెసర మొలకలు మెత్తబడ్డాయి, చింతపండు తక్కువ, ఎండురొయ్యలు పరవాలేదు. తీపి తగిలింది. ఫయోమ్, ఆ తీపి నాలుక చివర మొదలై గొంతు దగ్గర కాస్త పొగ వాసనతో ముగుస్తుంది. మీ వెనక దొడ్లో తాటిచెట్ల నీరా, కొబ్బరిడొక్కల మంట మీద కాచిన బెల్లం. నాకు జాడీలో ఎత్తుకునేంత పంపి, ఆ బండికి ఎంత పంపుతున్నావు?

నేను వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పని లేదు. పళ్ళెం ఊడ్చి తిన్నాను, మొక్కు కాబట్టి. డబ్బు స్టూలు మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. నువ్వు నా వీపు చూస్తూ నిలబడ్డావని నాకు తెలుసు.

నా ఇంటికి అరఫర్లాంగు దూరంలో ఉండి, ఫెచ్చబురి అని పైన రాసి ఉత్తరం వేశావు. నువ్వూ ఆ వీధిదానివే అయిపోయావు, అక్కడ దొంగ కాగితాలు చవకేగా.

లమ్‌దువన్


ఖావ్‌సాన్ వీధి, పచ్చ తలుపుల లాడ్జి
మర్నాడు

అక్కా,

పొడుగోడు బూట్లు విప్పి గదిలోకి వచ్చి, బున్‌లొమ్ తెచ్చిన నీ ఉత్తరం ఇచ్చాడు. నువ్వు పొగిడావా తిట్టావా అని అడిగాడు. పొగిడావని చెప్పాను.

ఒరతై నాకు ఫోన్ చేసింది. నీకు తెలియడానికి ముందే, జ్వరం వచ్చిన రెండోరోజే చేసింది. "పిన్నీ, చోటు పోతే మళ్ళీ దొరకదు, ఒక్క వారం నిలబడతావా?" అని ఏడ్చింది. మీ మరిది బెల్లం కాస్తున్నాడు, నేను బస్సెక్కాను. నీ ఉత్తరం ఆయన ఫెచ్చబురి బస్సులో పంపితే, జవాబు ఇక్కడే రాసి ఆ డ్రైవరు చేతే అక్కడ వేయించాను. అది తప్పే. కానీ నీ ఇంటికి వచ్చి దిగితే ఏం జరిగేది? బండికి గొలుసు వేసి తాళంచెవి నీ పెట్టెలో పడేసేదానివి. మొక్కు మీద అంత నమ్మకం ఉన్నదానివి, తాతకు సాయం చేయడానికి వెనకాడతావా?

నువ్వు పిల్లికి అన్నం పెట్టడానికి ఇంటికి పోయిన వేళ చూసి ఆసుపత్రికి పోతున్నాను. నిన్న ఒరతై ఏమందో నీకు చెప్పాలి. "అమ్మ అసహ్యం వీధి మీద కాదు పిన్నీ, నా మీద. ఏసీలో కూర్చున్నప్పుడు అమ్మ అందరికీ నన్ను చూపించింది. ఇప్పుడు దాస్తోంది" అంది. లేచాక వేరే గది చూసుకుంటుందట, నది అవతల. నేను వద్దనలేదు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు.

నువ్వు ఈ వీధిని చూసి ముక్కు మూసుకుంటావు, నేను ఇందులో నిద్రపోతున్నాను. గోడలు అట్టముక్కలు, పక్కగదిలో వాడు తుమ్మితే నాకు జలుబు చేస్తుంది. నీకంటే ఎక్కువ తిట్టగలను. వీళ్ళు నీళ్ళ కోసం బేరమాడి బీరు కోసం బేరమాడరు. ఒకడు నూడుల్స్ మీద టమాటా సాస్ అడిగాడు, గరిటెతో కొట్టబోయాను. కానీ నీ కూతుర్ని అడగని వాడు లేడు. ఎలా ఉంది, ఎప్పుడొస్తుంది అని చేతులు ఊపుతూ అడుగుతారు. దాని పేరుకు వాళ్ళ నోరు తిరగదు, అయినా అడుగుతారు.

నువ్వు పళ్ళెం ఊడ్చి తిన్నావు. మొక్కు కాబట్టి అంటావు. మొక్కులో ఒక పళ్ళెం తింటానన్నావు గానీ ఊడ్చి తింటాననలేదు.

ఫయోమ్


బంగ్లంపూ
సెప్టెంబరు

ఫయోమ్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత ఆ కోపం ఒరతై అన్న మాట దగ్గర ఆగిపోయింది. దాస్తున్నానట. రాత్రి జరీ కుడుతూ వేలికి సూది గుచ్చుకుంది. అంగీ అంచు మీద రక్తం పడింది, హనుమంతుడి అంగీ తెలుపే అయినా అంచు ఎరుపు కాబట్టి కనపడలేదు. నిజమే. దాచాను. బున్‌లొమ్ వెనక కూర్చున్నది ఎవరికీ కనపడకుండా దాన్ని చూడటానికే.

తెల్లవారి వీధిలోకి పోయాను. ఈసారి బున్‌లొమ్ దగ్గర ఆగలేదు. ఒక ఫరంగీ తాత గూడు పక్కనే బోర్లా పడి నిద్రపోతున్నాడు, చెప్పు కొసతో తట్టి లేపి పక్కకు జరగమన్నాను. జరిగి, నాకు దండం పెట్టి మళ్ళీ పడుకున్నాడు. అగరుబత్తి వెలిగించాను. గూడుకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, నువ్వు చెప్పినట్టే చెప్పాను. నా పేరు లమ్‌దువన్, వెనక సందులో చెక్కమేడ, బియ్యం కొట్టు చాన్ కూతుర్ని. నా కూతురు ఒరతై. అది జ్వరం లేకుండా, తన కాళ్ళ మీద నడిచి, ఎదురుగా కనపడుతున్న ఆ బండి దగ్గరికి, ఇంకెక్కడికీ కాదు, ఇక్కడికే రావాలి అన్నాను. పచ్చ తలుపుల లాడ్జి ముందు, మామిడిపండ్లు కోసి అమ్మేవాడి పక్కన అని కూడా చెప్పాను. ఆయన మళ్ళీ పొరపడకూడదు కదా. దాని నవ్వు కూడా తేవాలి అన్నాను. బదులుగా గుడ్లు ఇవ్వనని చెప్పాను. ముందు నేనే దానితో మాట్లాడతానని మొక్కాను. అది విని తాత కూడా నమ్మి ఉండడు.

నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాను. మెట్లెక్కడానికి నా భుజం పట్టుకుంది, ఎక్కగానే వదిలేసింది. చాప మీద పడుకోబెట్టి గంజి పెట్టాను. పిల్లి వచ్చి దాని పొట్ట మీద ఎక్కి కూర్చుంది. కాసేపటికి పిల్లి చెవులు నిమురుతూ అంది, "ఖనూన్, పిన్ని వండిన పాడ్‌థాయ్ ఎలా ఉందో అమ్మనడుగు."

మొక్కు తీర్చాల్సింది అది బండి దగ్గరికి చేరాక. పద్ధతి నాకు తెలుసు. అంతవరకు ఆగలేకపోయాను.

"పిల్లికి చెవుడొచ్చింది. నన్నే అడుగు" అన్నాను.

అది పిల్లిని పొట్ట మీంచి దించి పక్కన పెట్టింది. నేను గంజిగిన్నె పట్టుకుని కూర్చున్నాను. గది చూసుకున్నాను, పోతున్నాను అంటుందేమో అనుకున్నాను. గిన్నె చల్లారిపోయింది.

"ఎలా ఉందమ్మా?" అంది.

"చింతపండు చాల్లేదు. మీ పిన్ని చేతికి మిఠాయి తప్ప ఇంకేం రాదు. తొందరగా లేచి నీ బండి నువ్వు చూసుకో" అన్నాను.

అది గోడ వైపు తిరగలేదు. నా వైపు తిరిగి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత మొలకలు చివర్లో వేయాలని చెప్పాను, తెలుసమ్మా అంది. నది అవతల గది మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ వీధి మీద నా అభిప్రాయం ఏమీ మారలేదు. అది వీధి కాదు, మురిక్కాలవ. అయినా దాని ఆప్రాన్‌కు జరీ అంచు కుడుతున్నాను, పాచిగుడ్డ కట్టుకుని నిలబడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? నువ్వు ఆ అట్టముక్కల గది ఖాళీ చేసి ఇంటికి రా, నీకు చాప వేశాను. పొడుగోణ్ణి కూడా ఒకపూట అన్నానికి తీసుకురా, బొటనవేళ్ళు ఎక్కడ ఆనించాలో నేర్పిస్తాను.

పిల్లి మాత్రం అలిగి బీరువా ఎక్కి కూర్చుంది. పొద్దుటి నుంచీ దానితో ఎవరూ మాట్లాడలేదు.

అక్క